చుక్క చూపించిన పిట్టలు

(శ్రీకాకుళంలో ఒక నెలవారీ సమావేశంలో, ఉద్దానానికి చెందిన విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం.

ఈ నెల అంశం ‘నాకు చదువు చెప్పినవాళ్లు’ అని నిర్వాహకులు ఫోన్ చేశారు. నేను మా కుక్క గురించి మాట్లాడతానన్నాను. అటువైపు నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను. కాసేపటికి, “సరే మాస్టారూ, కుక్కయితే కుక్కే. ముప్పావుగంట మాత్రం దాటకండి” అన్నారు. (నవ్వులు) దాటను.

గురువుల వరసలో కుక్కని నిలబెట్టడం కొందరికి నచ్చకపోవచ్చు. నచ్చనివాళ్లు బయట టీ తాగి రావచ్చు, నేనేమీ అనుకోను. కానీ ముప్పై ఏళ్లు పిల్లలకి పక్షుల లక్షణాలు బోర్డు మీద రాయించిన నాకు, మా ఊరి పొలాల్లో ఏ పిట్ట ఏ గట్టు కింద ఉంటుందో చూపించింది ఆ కుక్కే. నాకంటే బాగా చెప్పింది, పుస్తకం లేకుండా చెప్పింది.

దాని పేరు చుక్క. తెల్లటి ఒంటి మీద కాఫీపొడి రంగు మచ్చలు, అందుకని ఆ పేరు. 2012లో పుట్టింది, 2024లో పోయింది. తల్లి విశాఖపట్నంలో నేవీలో పనిచేసి రిటైరైన ఒకాయన ఇంట్లోని ఇంగ్లిష్ పాయింటర్. తండ్రి ఎవరో ఆ ఇంట్లోవాళ్లకి తెలియదు, వీధికి తెలుసు. “తల్లిది ఇంగ్లండు, తండ్రిది కంచరపాలెం” అనేవాడు మా బావమరిది. వాడే దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని రైల్లో తెచ్చాడు. నేను రిటైరవడానికి ఇంకో ఏడాది ఉంది. రిటైరయ్యాక బావకి తోచదని వాడి బాధ.

పాయింటర్ అంటే ఏమిటో కాస్త చెప్పాలి. పక్షుల వేట కోసం మనుషులు తయారుచేసుకున్న కుక్కల్లో తలా ఒక పని ఉంది. లాబ్రడార్ లాంటివి రిట్రీవర్లు. తుపాకీ దెబ్బకి పడిన పిట్టని, నీళ్లలో పడినా సరే ఈదుకెళ్లి, పంటి గాటు పడకుండా నోట కరుచుకుని తెచ్చి యజమాని చేతికిస్తాయి. స్పానియల్ పొదలో దూరి పిట్టని లేపుతుంది. పాయింటర్ పని ఇవేవీ కాదు. అది గాలికి ఎదురుగా చేనంతా అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరకి, మళ్లీ ఇటు, పరిగెడుతుంది. పిట్ట వాసన తగలగానే ఆగిపోతుంది. మామూలుగా ఆగడం కాదు. ఎత్తిన కాలు ఎత్తినట్టే, తోక కర్రలాగా, ముక్కు పిట్ట ఉన్నవైపు. మనం నడుచుకుంటూ వెళ్లి పక్కన నిలబడేదాకా కదలదు.

ఇది మనం నేర్పితే వచ్చేది కాదు. పిల్లిని చూడండి, ఎలుక మీదకి ఉరికే ముందు ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. వేటాడే ప్రతి జంతువులోనూ ఆ వరస ఉంటుంది. కనిపెట్టడం, పొంచడం, ఉరకడం, పట్టడం, చంపడం. పాయింటర్లని పెంచినవాళ్లు తరతరాలుగా పిల్లల్ని ఏరుకుంటూ, ఆ బిగుసుకుపోయే క్షణాన్ని సాగదీశారు. తర్వాత ఉరకడాన్ని తగ్గించారు. కర్రకి దారం కట్టి, దారానికి ఈక కట్టి ఊపితే, రెండు నెలల పాయింటర్ పిల్ల కూడా దాని ముందు కాలెత్తి నిలబడిపోతుంది. మా పెరట్లో అంత ఏర్పాటు కూడా అవసరం కాలేదు. మా ఆవిడ పెంచే నాటుకోడి ఈక ఒకటి గాలికి గోడ పక్కన కదులుతుంటే, చుక్క దాని ముందు విగ్రహంలా నిలబడింది. మా ఆవిడ భయపడి, “దీనికి మూర్ఛ వచ్చిందండీ” అని కేక పెట్టింది. (నవ్వులు)

ఇంకొక సంగతి. ఈ ఆగే కుక్కలు తుపాకీ కోసం పుట్టినవి కావు. తుపాకీతో ఎగిరే పిట్టని కొట్టడం అలవాటు కాకముందే ఐరోపాలో వలలతో పట్టేవాళ్లు. కుక్క పిట్టల ముందు ఆగి నేలకి అణిగేది, మనుషులు వల తెచ్చి కుక్క మీదుగా పిట్టల మీద పరిచేవాళ్లు. తుపాకీ తర్వాత వచ్చి ఆ పనిని సొంతం చేసుకుంది. ఎంతగా అంటే, 1859లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జరిగిన కుక్కల ప్రదర్శనలో, మొదటి ప్రదర్శన అని దాన్నే చెప్తారు, పోటీకి వచ్చినవి పాయింటర్లూ, వాటిలాగే పిట్ట ముందు ఆగే సెట్టర్లూ మాత్రమే, గెలిచినవాళ్లకి ఇచ్చినవి తుపాకులు.

మన దగ్గరకి ఈ కుక్కలు దొరల వెంటా జమీందార్ల వెంటా వచ్చాయి. మా తాత చిన్నప్పుడు షికారు పార్టీల్లో తూటాల సంచీ మోసేవాడు. శీతాకాలం నీళ్ల పొలాల్లో ఉల్లంకి పిట్టల్ని, చెరువుల్లో బాతుల్ని కొట్టేవారట. ఆ షికార్ల గురించి తాత గొప్పగా ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకి గుర్తున్నదల్లా ఒకటే. మధ్యాహ్నం చెట్టు కింద దొరగారి కుక్కకి మాంసం పెట్టేవారు, సంచీ మోసినవాళ్లకి గంజి. “కుక్కంటే నాకు కోపం లేదురా, అదీ నాతోపాటు పొద్దున్నుంచీ తిరిగిందే కదా” అనేవాడు. 1948లో జమీందారీలు రద్దు చేస్తూ మద్రాసు ప్రభుత్వం చట్టం తెచ్చింది. ఆ సంచీ పని పోయినందుకు మా ఇంట్లో ఎవరూ బాధపడలేదు.

తర్వాత 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో కొన్ని జంతువులకీ పిట్టలకీ లైసెన్సు మీద వేట ఉండేది. 1991 సవరణతో అదీ పోయింది. కౌజు కానివ్వండి, పూరేడు కానివ్వండి, అడవి బాతు కానివ్వండి, కొడితే మూడేళ్ల దాకా జైలు. అంటే చుక్క పుట్టేసరికి దాని కులవృత్తి ఈ దేశంలో నేరమై ఇరవై ఏళ్లు దాటింది.

కులవృత్తి పోయినంత మాత్రాన కాళ్లు ఊరుకుంటాయా? ఆరో నెల దాటేసరికి ఇంట్లో చెప్పులు, పరుపు, నవారు మంచం, నా పదో తరగతి పేపర్ల కట్ట, అన్నీ అయ్యాయి. పేపర్ల విషయంలో పిల్లలు దాన్ని మెచ్చుకున్నారు. (నవ్వులు) మా ఆవిడ ఒకరోజు తేల్చి చెప్పింది: “దీన్ని పొలం తిప్పుతారా, నన్ను మా అన్నయ్య ఇంటికి పంపుతారా?” అలా మొదలైంది.

మాది కవిటి వైపు. ఉద్దానం అంటే మీకందరికీ కొబ్బరి, జీడి, పనస గుర్తొస్తాయి. ఆ మెట్ట దిగితే వరిపొలాలు, ఇంకా దిగితే సోంపేట బీల, అంటే నీళ్లు నిలిచే చిత్తడి నేల. ఆ బీలని థర్మల్ ప్లాంటుకి ఇవ్వబోమని 2010 జులై 14న జనం నిలబడితే కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ నేల ఇంకా నీళ్లతో, తుంగతో, పిట్టలతో ఉందంటే దాని వెనక అంత ఉంది. కుక్క గురించి చెప్తూ ఇది దాటేసిపోవడం నాకిష్టం లేదు, ఎందుకంటే చుక్క పరిగెట్టిన నేల అదే.

మొదట కొబ్బరిపీచు తాడు పొడుగ్గా కట్టి తిప్పాను. పాయింటర్ ఆగడం పుట్టుకతో వస్తుంది కానీ, పిట్ట ఎగిరాక వెంటపడకుండా ఉండడం మాత్రం మనం నేర్పాలి. పిట్ట లేవగానే అది ఉరకబోతే, “ఆగు” అని తాడు మీద కాలు పెట్టేవాణ్ణి. ఇంగ్లిష్ తల్లి సంతానమైనా తెలుగులోనే ఆగింది. రెండో ఏడాదికి తాడు అక్కర్లేకపోయింది.

వరి కోతలయ్యాక, మినుము మొలిచిన చేలల్లో, మంచు ఇంకా ఆకుల మీద ఉండగా వెళ్లాలి. తడి ఉన్నంతసేపే నేల మీద వాసన బాగా నిలుస్తుంది. ఎండెక్కితే పలచబడిపోతుంది, కుక్క వట్టినే అలిసిపోతుంది. మన ముక్కులో వాసన పట్టే కణాలు యాభై, అరవై లక్షలుంటే, కుక్కకి ఇరవై కోట్ల పైన ఉంటాయి. ఇంకో చమత్కారం ఉంది, ఇది క్లాసులో ఎందుకు చెప్పలేదా అనిపిస్తుంది నాకు. కుక్క ముక్కు పక్కన చీలికలు చూశారా? ఊపిరి వదిలినప్పుడు గాలి ఆ చీలికల్లోంచి పక్కలకి, వెనక్కి పోతుంది. అందువల్ల ముందున్న వాసన చెదరదు. మనమైతే పూవుని వాసన చూస్తూ దాని మీదే ఊపిరి వదుల్తాం.

చుక్క ఎక్కువగా ఆగింది కౌజుల దగ్గర. కౌజు అంటే ఇప్పుడు అందరికీ ఫారం పిట్ట, హోటల్ వేపుడు గుర్తొస్తున్నాయి. అది కాదు. చేలల్లో ఉండే బూడిదరంగు కౌజు. తెల్లవారకముందే ఎక్కడో ముళ్లపొదలోంచి గట్టిగా, మూడు ముక్కలుగా అరుస్తుంది. అరుపు ఊరంతా వింటుంది, పిట్టని మాత్రం ఎవరూ చూడరు. ఎందుకంటే అది ఎగరడం కంటే పరిగెట్టడానికే ఇష్టపడుతుంది. మట్టిరంగు మట్టిలో కలిసిపోతుంది. మనం పక్కనుంచే వెళ్లిపోతాం. చుక్క వెళ్లదు. గట్టు మీద రేగుపొద ముందు ఆగిపోతుంది. నేను నెమ్మదిగా వెళ్లి దాని భుజం పక్కన నిలబడి చూస్తాను. ఏమీ ఉండదు. గడ్డి, మట్టి, ఎండుటాకులు. మరొక అడుగు వేస్తాను. అప్పుడు ఆ ఎండుటాకుల్లోంచే అయిదారు కౌజులు బుర్రుమని ఒక్కసారి లేస్తాయి. గుండె గొంతులోకి వస్తుంది. ఎన్నిసార్లు చూసినా అంతే. చుక్క కదలదు. తల మాత్రం తిప్పి, అవి వాలిన చోటు చూసుకుని, నా మొహం చూసేది. తుపాకీ ఉన్నవాడి కోసం పుట్టిన చూపు అది. నా చేతిలో నోటు పుస్తకం, బాల్ పెన్ను. అదే దానికి చాలింది. నేను రాసుకోవడం అయ్యాక, “పద” అంటే మళ్లీ పరుగు.

ఆ పుస్తకంలో రాసుకున్నవాటిలో సగం చుక్క లేకపోతే నాకు తెలిసేవే కావు. పూరేళ్లు మినుము చేలో ఏ వరసల్లో ఉంటాయో, ఉల్లంకి పిట్ట వరి మోళ్ల మధ్య బురదలో ఎలా నక్కి ఉంటుందో, లేచాక తిన్నగా పోకుండా ఎలా వంకరటింకరగా పోతుందో. తీతువుల దగ్గర మాత్రం చుక్కకి పరువు దక్కలేదు. తీతువు పిట్ట మనుషుల కంటే ముందే కుక్కని చూస్తుంది. చూసి ఊరంతా చెప్తుంది, నెత్తి మీదకి దూకుతుంది. చుక్క చెవులు వెనక్కి పెట్టి నా కాళ్ల మధ్యకి వచ్చేసేది.

వేటకుక్క కదా, ధైర్యం ఎక్కువనుకుంటారు. దీపావళికి మూడు రోజులు మంచం కిందే ఉండేది. వేటగాళ్లయితే చప్పుడుకి బెదిరే కుక్కని పనికిరాదని తీసిపారేస్తారు. అదే మాకు ఒకసారి అక్కరకొచ్చింది. నా దగ్గర టెన్త్ చదివిన కుర్రాడొకడు బండి మీద వచ్చాడు, వీపున ఎయిర్‌గన్. “మేస్టారూ, మీ కుక్కనోపాలి ఇస్తారేటి? పడినదాంట్లో సగం మీకే” అన్నాడు. చట్టం చెప్తే వింటాడా? “ఒరే, దీనికి సీమటపాకాయ చప్పుడే పడదు. తుపాకీ పేల్చావంటే ఇచ్ఛాపురం దాకా పారిపోద్ది, తర్వాత నువ్వే వెతికి తేవాల” అన్నాను. కుక్కని ఎగాదిగా చూసి, “ఇంత పెద్ద కుక్కకి ఇదేటి రోగం?” అని వెళ్లిపోయాడు. (నవ్వులు) ఇప్పుడు కూడా మా వైపు ఉండేలు, ఉచ్చు, వల, ఎయిర్‌గన్ అన్నీ ఉన్నాయి. సంతరోజున గంప మీద గుడ్డ కప్పి అమ్ముతారు. అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అడవి పిట్టలు తినేవాళ్లందరూ ఆకలితో తినేవాళ్లు కారు, ఇది మాత్రం చెప్పగలను. కార్లు ఆపి కొనేవాళ్లని చూశాను.

కుక్కల్ని ప్రేమించేవాళ్లకి కూడా ఒక మాట చెప్పాలి, మొహమాటం లేకుండా. కౌజులు, పూరేళ్లు, తీతువులు నేల మీదే గుడ్లు పెడతాయి. ఎండాకాలం నుంచి వానలయ్యేదాకా చుక్క మెడకి తాడు ఉండేది, రోడ్డు మీదే నడక. దానికి నచ్చేది కాదు, అయినా అంతే. కొన్ని చోట్లకి అసలు తీసుకెళ్లలేదు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో వానాకాలం మొదట్లో నత్తగుల్ల కొంగలు వచ్చి, ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని లేపుకుని వెళ్లిపోతాయి. టెక్కలి వైపు తేలినీలాపురంలో చలికాలం గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. ఆ ఊళ్లవాళ్లు ఆ పిట్టల్ని పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. గూట్లోంచి జారిపడిన పిల్ల కింద పడి ఉంటే, ఎంత మంచి కుక్కయినా కుక్కే. సముద్రపు ఒడ్డుకీ అంతే. చలికాలం చివర్లో మన తీరం పొడుగునా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. వాటిని తవ్వి తినేవాటిలో వీధికుక్కలు ముందుంటాయి. జనవరిలో నీటిపక్షుల లెక్కకి నేనొక్కణ్ణే వెళ్లేవాణ్ణి. తిరిగొచ్చాక చుక్క నా ప్యాంటు కిందినుంచి పైదాకా వాసన చూసి, నేను ఎక్కడెక్కడ తిరిగానో అంతా చదువుకునేది. మొహం తిప్పుకుని పడుకునేది.

తిత్లీ తుపాను గురించి ఈ సభలో ఎవరికీ చెప్పక్కర్లేదు. 2018 అక్టోబర్ 11, తెల్లవారేసరికి మా జీడితోట లేదు. కొబ్బరి చెట్లు వరసగా పడి ఉన్నాయి. పిల్లల్లా పెంచిన చెట్లు అని మావాళ్లు ఏడ్చారంటే అది మాట వరసకి అన్నది కాదు, జీడి చెట్టు మీద ఇల్లు గడిచిన ఊళ్లు అవి. చాలా రోజులు నేను చుక్కని తిప్పలేదు. మనసు లేదు. తర్వాత ఒకరోజు తోటలోకి వెళ్తే, పడిపోయిన కొమ్మల గుట్టల ముందు అది ఆగిపోయింది. లోపల కౌజులు. ఆ ఏడాదంతా ప్రతి గుట్టలోనూ ఉన్నాయి. మనకి సర్వనాశనం, వాటికి ఎవరూ రాని ఇల్లు. తర్వాత కలప వ్యాపారులు వచ్చి దుంగలు ఎత్తుకుపోయారు, కొమ్మలు పొయ్యిల్లోకి పోయాయి, తోట చదునైంది, కౌజులూ పోయాయి. కొత్త మొక్కలు వేశాం. చుక్క ఆ తోటలో మళ్లీ ఆగలేదు. ఒకటి గమనించాను, గట్లు సన్నం చేసి, పొదలు నరికి, కలుపుమందు కొట్టే చోట కుక్క ఆగకుండానే ఈ చివరి నుంచి ఆ చివరికి పోయేది. శుభ్రమైన పొలం అంటే ఏమిటో నాకు అలా తెలిసింది.

ఇక జబ్బు. 2024 వేసవిలో నీళ్లు ఎక్కువ తాగడం మొదలుపెట్టింది. ఎండలే కదా అనుకున్నాం. తర్వాత తిండి తగ్గింది, పక్కటెముకలు కనిపించాయి. పశువుల డాక్టరు గారు రక్తం పరీక్ష చేయించారు. కిడ్నీలు. క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడకట్టాల్సిన మలినం రక్తంలో ఎంత మిగిలిందో చెప్పే లెక్క, ఆరు దాటింది. కుక్కలకి ఒకటిన్నర లోపు ఉండాలట.

మీరు వేరే ఊరివాళ్లయితే ఈ మాట మామూలుగా విని ఊరుకుంటారు. మా ఉద్దానంలో క్రియాటినిన్ అంటే తెలియని ముసలమ్మ ఉండదు. వేరేచోట షుగరెంత, బీపీ ఎంత అని అడుగుతారు, మా దగ్గర “ఎంతుంది?” అంటే అదే. ఇన్నేళ్లయినా మా ఊళ్లని పట్టిన ఆ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇదీ అని తేలలేదు. పలాసలో 2023 డిసెంబర్లో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, డయాలసిస్ దగ్గరకొచ్చింది, అది నిజంగా మేలే. కుక్క జబ్బుకీ మా ఊరి జబ్బుకీ నేను ముడిపెట్టడం లేదు. ముసలి కుక్కలకి కిడ్నీలు పోవడం ఎక్కడైనా ఉంది. నాకు వచ్చిన ఇబ్బంది వేరు. మనుషులు డయాలసిస్‌కి బస్సులో వెళ్లే వీధిలో నేను కుక్కకి సెలైన్ ఎక్కించడానికి ఆటో మాట్లాడుకుంటున్నాను. తలెత్తి నడవలేకపోయేవాణ్ణి. తలుపు వేసుకుని ఎక్కిస్తే బాగుండుననిపించేది.

మా వీధి చివర పెద్దాయన ఒకరున్నారు. చాలాకాలంగా డయాలసిస్ మీదున్నారు. ఆయనే ఒకరోజు మెల్లగా నడుచుకుంటూ మా అరుగు మీదకొచ్చి కూర్చున్నారు.

“ఎంతుందట మేస్టారూ?”

“ఆరు దాటిందన్నారు.”

చుక్కని తేరిపార చూశారు. “నాది తొమ్మిదున్నప్పుడు నాను మంచం దిగలేదు. ఇది లెగిసి తోకాడిస్తంది. నయమే” అన్నారు. తర్వాత, “ఉప్పు పెట్టకండి. నీళ్లు మాత్రం ఆపీకండి, తాగినంత తాగనీండి” అన్నారు. డాక్టరు గారు చెప్పిందీ అదే. ఆ రోజు నుంచి ఆయన డయాలసిస్ లేని పూటల్లో వచ్చి కూర్చునేవారు. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుంటూ ఉండేవారు. నేను లోపలికెళ్లి కాఫీ పెట్టుకునేవాణ్ణి. ఆయనకి కాఫీ కూడా కొలతే. ఇవాళ ఇక్కడికి వస్తానన్నారు కానీ డయాలసిస్ రోజైంది.

చుక్క వానలు తగ్గాక పోయింది. ఇంట్లోనే, పగటిపూట, మా ఆవిడ పక్కనుండగా. నేను డాక్టరు గారి కోసం వెళ్లాను, వచ్చేసరికి అయిపోయింది. కొత్తగా వేసిన జీడిమొక్కల మధ్య నిలువెత్తు గొయ్యి తీయించాం, నక్కలు తవ్వకుండా. సున్నం, రాళ్లుప్పు వేశాం. మా ఆవిడ పసుపు, కుంకుమ పెట్టింది. గొయ్యి తీసిన మనిషి, “కుక్కకేటమ్మా ఇయ్యన్నీ?” అన్నాడు. “నీకు కూలి డబ్బులిస్తాను గానీ, నోరు మూసుకో నాయనా” అంది. ఆవిడ అంత గట్టిగా ఎవరినీ అనడం నేను వినలేదు. కుక్క వద్దని మొదట్లో గొడవపెట్టింది ఆవిడే.

కుక్కకి ఇయ్యన్నీ ఏమిటి అనే ప్రశ్న కొత్తది కాదు. జవాబు కూడా పాతదే. కర్ణాటకలో మండ్య జిల్లా ఆతకూరులో ఒక రాయి దొరికింది. ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. క్రీస్తు శకం 949-50 నాటిది. తక్కోలం యుద్ధంలో చోళ రాజాదిత్యుడు పడిపోయాడు. ఆ యుద్ధంలో గంగరాజు బూతుగ దగ్గర పోరాడిన మణలేరుడు అనే వీరుణ్ణి, ఏం కావాలో కోరుకోమన్నారు. ఊళ్లు కోరుకోవచ్చు. అతను రాజుగారి వేటకుక్కని కోరుకున్నాడు. దాని పేరు కాళి. ఆ కాళి ఒక పెద్ద అడవిపందితో తలపడింది, రెండూ చచ్చిపోయాయి. మణలేరుడు గుడి ముందు దానికి రాయి నిలబెట్టించాడు, భూమి రాసిచ్చాడు. ఆ భూమి తినే పూజారి రాయికి పూజ చెయ్యకుండా అన్నం తింటే పాపం అని చెక్కించాడు. కుక్కా పందీ తలపడుతున్న బొమ్మ కూడా ఉంది రాయి మీద. వెయ్యేళ్లు దాటింది. రాజుల పేర్ల కోసం చరిత్రకారులు ఆ రాయి చదువుతారు, నేనైతే కుక్క కోసం చదివాను.

మన భారతంలోనూ ఉంది. ధర్మరాజు వెంట నడిచిన కుక్క అందరికీ తెలుసు. ఆదిపర్వంలో ఇంకో కుక్క ఉంది, వేటకుక్క. పాండవుల వెంట అడవికెళ్లి ఏకలవ్యుణ్ణి చూసి మొరిగింది. అతను దాని నోట్లో ఏడు బాణాలు కొట్టాడు. అది అలాగే పాండవుల దగ్గరకి వెళ్లింది. అక్కడి నుంచి కథ అర్జునుడి అసూయకి, ద్రోణుడి దక్షిణకి, ఏకలవ్యుడి బొటనవేలికి వెళ్లిపోతుంది. ఆ బాణాలు ఎవరు తీశారు? ఆ కుక్క ఏమైంది? ఇన్నేళ్లు పాఠం చెప్పినా నాకు ఈ ప్రశ్న తట్టలేదు, ఏ పిల్లాడూ అడగలేదు. ఇప్పుడు ఆ ఘట్టం వింటే నాకు ముందు అదే గుర్తొస్తుంది. తన పని తాను చేసిన కుక్క. అడవిలో ఎవరో ఉన్నారని చెప్పింది, అంతే కదా.

కాళిని పందితో పోరాడినందుకు పూజించారు. చుక్క ఎవరితోనూ పోరాడలేదు, ఏ పిట్టనీ పట్టలేదు. పిట్ట అక్కడుందని తెలిసి కూడా ఆగింది. పట్టే బలం లేక కాదు, పెరట్లో పందికొక్కుల్ని పట్టిన తీరు మా ఆవిడని అడగండి. పొలంలో మాత్రం, నేను వచ్చేదాకా నాకోసం ఆగేది. నడుమునొప్పితో నేను నెమ్మదిగా గట్టు దిగుతుంటే, అంత దూరాన కాలెత్తి నిలబడి ఉండేది. దాని కాలు వణికేది కానీ దించేది కాదు. నాకోసం అంత ఓపిగ్గా ఆగినవాళ్లు ఇంకెవరూ గుర్తురావడం లేదు. మా ఆవిడ ఇక్కడ లేదు కాబట్టి అంటున్నాను. (నవ్వులు)

మళ్లీ కుక్కని తెచ్చుకుంటారా అని ఇందాక టీ దగ్గర ఒకరు అడిగారు. మనవరాలు కూడా అడుగుతోంది. తెచ్చుకోను. నాకు డెబ్బై. పాయింటర్ పన్నెండేళ్లు బతుకుతుంది, రోజుకి గంటా రెండు గంటలు పరిగెత్తకపోతే దానికి పిచ్చెక్కుతుంది. దాన్ని తెచ్చి గేటుకి కట్టేస్తే అంతకంటే పాపం లేదు. ఈ మధ్య శ్రీకాకుళంలో అపార్ట్‌మెంట్లలో కూడా వేటజాతి కుక్కల్ని పెంచుతున్నారు, చూడ్డానికి బాగుంటాయని. దయచేసి వద్దు. ఊరకుక్క పిల్ల ఒకటి తెచ్చుకోండి, పిడుదుల జ్వరానికీ రేబిస్‌కీ జాగ్రత్తలు తీసుకోండి, అది మీ ఇంట్లో హాయిగా ఉంటుంది. మా బావమరిది మాత్రం విశాఖలో మళ్లీ ఎవరి ఇంట్లోనో కుక్క ఈనిందని ఫోన్లు చేస్తున్నాడు. నేను ఎత్తడం లేదు.

నోటు పుస్తకాలు తెచ్చాను, ఈ సంచిలో ఉన్నాయి. ఏ నెల, ఏ గట్టు, ఏ పిట్ట, గాలి ఎటునుంచి, అన్నీ ఉన్నాయి. చేతిరాత డాక్టర్ల చేతిరాతలా ఉంటుంది, క్షమించండి. జువాలజీ చదివే పిల్లలు ఎవరైనా ఉంటే తీసుకెళ్లి జిరాక్స్ చేయించుకోండి, అసలు మాత్రం తిరిగి ఇవ్వండి. జనవరి లెక్కకి బీల వైపు వస్తామంటే ముందురోజు రాత్రికే మా ఇంటికి వచ్చేయండి, భోజనం మా దగ్గరే. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాలి. టైం అయినట్టుంది, నిర్వాహకులు గడియారం చూస్తున్నారు. నమస్కారం.